ఖాకీ సంచులు సర్దిన అక్క

పోయిన వారం నాకు బేతంచెర్ల నుంచి ఒక కార్డు వచ్చింది. నాలుగో తరగతి చదివే ఆడపిల్ల చేతిరాత. అక్షరాలు వరస మీద నిలవకుండా కిందికి జారుతున్నాయి. "మామకు నమస్కారములు. మా పెద్దమ్మ పోయి పదైదు దినాలు అయినది. మూడు దినాలు నోట మాట లేదు. చేతులు మాత్రం ఊరికే ఉండలేదు. కప్పిన దుప్పటి అంచు మడత పెట్టడం, విప్పడం, మళ్లీ మడత పెట్టడం. అట్లే పోయినది. మీకు తెలపమని అమ్మ చెప్పినది."

మిషను తొక్కుతున్న కాలు ఆపి చాలాసేపు అట్లే కూర్చున్నాను. బేరానికి వచ్చినవాళ్లు ఇద్దరు పిలిచి పిలిచి వెళ్లిపోయారట. మా ఆవిడ తర్వాత చెప్పింది.

ఆమె పేరు నేనెన్నడూ పలకలేదు. ఊరంతా డాక్టరమ్మ అనేవాళ్లు. ఆమె డాక్టరు కాదు, గొడ్ల డాక్టరు భార్య. నేను అక్కా అనేవాణ్ణి, ఆమె తమ్ముడూ అనేది. డాక్టరు పోయిన తర్వాత ఆమె పుట్టింటికి పోకుండా, ఏ చుట్టమూ లేని బేతంచెర్లకు పోయి ఎందుకు స్థిరపడిందో మా కోయిలకుంట్లలో చాలామందికి తెలియదు. తెలిసినవాళ్లం ఒకరిద్దరం. ఆమె బతికి ఉన్నన్నాళ్లూ మేము నోరు విప్పలేదు. ఇప్పుడు చెబితే ఆమెకు వచ్చే చిన్నతనం ఏమీ లేదు.

మాది మూడు తరాలుగా దర్జీపని. నా అంగడి పశువుల ఆసుపత్రికి సరిగ్గా ఎదురు. ఆసుపత్రి పక్కనే డాక్టరుకు ఇచ్చిన ఇల్లు. మిషను ముందు కూర్చుంటే వాళ్ల వసారా మొత్తం కనిపించేది.

యుద్ధం ఇంకా రాకముందు మాట. డాక్టరు నెలలో ఇరవై దినాలు ఊర్ల మీదే ఉండేవాడు. గొడ్లకు ముసర రోగం తగిలిన చోటికల్లా పోవాలి. ఇటు అవుకు, బేతంచెర్ల, అటు ఆత్మకూరు దాటి శ్రీశైలం దారిలో చెంచుగూడేల దాకా. స్వదేశానికి తిరిగి పోతున్న ఒక దొర దగ్గర పాత మోటారు సైకిలు కొన్నాడు. అది మా ఊళ్లోకి వచ్చిన రోజు కట్టుగొయ్యల దగ్గరి ఎద్దులు తాళ్లు తెంపుకున్నాయి. వారం తిరక్కముందే ఆమె నా అంగడికి వచ్చింది. చేతిలో మూడు జొన్నదంట్లు.

"ఇది పొడుగు, ఇది అడ్డం, ఇది లోతు" అని మూడూ నా బల్ల మీద పరిచింది. "ఎనక చక్రానికి రెండు పక్కలా తగిలించే సంచులు కావల్ల తమ్ముడూ. కాన్వాసు గుడ్డతో కుట్టు. లోపల్ల జేబులుండాల. ఎన్ని, ఎంతెంతో నేను చెప్తా."

గజాల టేపుతో బతికే నాకు జొన్నదంట్లతో కొలత తెచ్చిన మొదటి మనిషి ఆమే. చెప్పినట్టే కుట్టాను. పది రోజుల తర్వాత కుడిపక్క సంచి అడుగు కాలిపోయి వచ్చింది. తప్పు నాదేననుకున్నాను. ఆమె మాత్రం, "తప్పు నీది కాదులే. పొగగొట్టం ఒగ పక్కనే ఉంటాదని కొలిచేటప్పుడు నేనే చూసుకోలే" అని, కుడి సంచికని లోతు దంటును నాలుగు వేళ్ల మేర విరిచి ఇచ్చింది. అప్పటినుంచి ఆ బండికి ఎడమ సంచి పెద్దది, కుడి సంచి చిన్నది.

డాక్టరు బయలుదేరే పొద్దు వాళ్ల వసారాలో ఈతచాప పరిచేది. దాని మీద అన్నీ వరసగా పెట్టేది. ఖాకీ చొక్కాలు మూడు, నిక్కర్లు రెండు, మేజోళ్లు, ఉన్ని మఫ్లరు, గడ్డం గీసుకునే సామాను, క్వినైను బిళ్లల సీసా, సూదీ దారం, అగ్గిపెట్టె, కొవ్వొత్తులు. పంచరు సామాను, స్పానర్లు పాత పంచెగుడ్డలో చుట్టి వేరుగా. జొన్నరొట్టెలు ఎండబెట్టి ఒక మూట, చెనిక్కాయల పొడి ఒక డబ్బా. మందు సీసాలకు పొట్టు నింపిన రేకుపెట్టె. చిన్న డేరాను, పరుపును కలిపి చుట్టి వెనక కట్టడానికి తాళ్లు. అన్నీ పరిచాక ఆమె చాపకు ఆ చివర గొంతుక్కూర్చుని కాసేపు ఉత్తినే చూసేది. అప్పుడెవరైనా పలకరించినా పలికేది కాదు. తర్వాత మొదలుపెడితే చేతులు ఆగేవి కావు. చివర కావలసింది అడుగున, దిగగానే కావలసింది పైన. మేజోళ్లు లోటా లోపల, లోటా మఫ్లరు లోపల. ఈగ దూరే సందు మిగిలేది కాదు.

బకిలీలు బిగించాక కళ్లు మూసుకుని సంచిలో చెయ్యి పెట్టేది. "అగ్గిపెట్టె" అనేది, అగ్గిపెట్టె వచ్చేది. "సబ్బు" అనేది, సబ్బు వచ్చేది. ఒకటి తప్పినా మొత్తం విప్పి మళ్లీ మొదలు.

"దావలో మనిషికి బుర్ర పంజేయదు తమ్ముడూ, చెయ్యే పంజేస్తాది. దానికి తెలిసేటట్టు సర్దాల" అనేది.

డాక్టరుకు ఈ హంగామా నచ్చేది కాదు. "ఇది మోటారు సైకిలు, ఎద్దులబండి కాదు" అని మఫ్లరు తీసి బయటపడేసేవాడు. ఆమె తిరిగి లోపల పెట్టేది. ఆయన మళ్లీ తీసేవాడు. చివరకు మఫ్లరు మెడకు చుట్టుకునే పోయేవాడు. బండి కదిలాక ఆమె గడపలో నిలబడి చెవి ఒగ్గేది. మనకు శబ్దం ఆగిపోయిన తర్వాత కూడా, ఊరవతల ఏటి దాకా ఆమెకు వినిపించేది. "కుందూ దాటినాడు" అని అప్పుడు లోపలికి పోయేది.

ఒకసారి మా ఆవిడ అడిగింది. "నువ్వొగసారన్నా దాన్నెక్కి పోలేదా అక్కా?"

"నేనెక్కితే సామాను యాడ పెట్టల్ల?" అంది. నవ్వుతూనే అంది.

నంద్యాల కూడా చూడని మనిషి. కానీ జిల్లా అంతా ఆమెకు తెలుసు. ఆయన తిరిగొచ్చాక బట్టలు ఉతికే తొట్టి దగ్గర కూర్చుని, ఆ నీళ్లను బట్టి ఏ ఊరు పోయొచ్చాడో చెప్పేది. మన రేగడి నేలదైతే బురద నల్లగా అడుగుకు దిగుతుంది. నల్లమల మట్టి ఎర్రగా గుడ్డను వదలదు. "బేతంచెర్ల ఎట్లుంటాదో నాకు తెలీదు గానీ ఆ ఊరి దుమ్ము తెల్సు. రాళ్లు కోసే దుమ్ము గదా, గుడ్డ నీళ్లల్లో ఏస్తానే పాలమాదిరి తెల్లగయితాది" అని నాకు చూపించింది కూడా. నిజంగానే పాలు కలిపినట్టు ఉండేవి ఆ నీళ్లు.

ఆమెకు పిల్లలు నిలవలేదు. ఇద్దరు పుట్టి పోయారు. ఆ మాట ఆమె ఎప్పుడూ ఎత్తేది కాదు.

తర్వాత తర్వాత ఆ తొట్టిలో పాలనీళ్లు ఎక్కువయ్యాయి. "ఏం రోగమో ఏమో ఆ ఊరి గొడ్లకు, తగ్గనే తగ్గదు. ఈ నెల్లో ఇది మూడోసారి" అని మా ఆవిడతో అందట. ఆ మాట విన్నప్పుడు దారం ఎక్కిస్తున్న సూది పక్కన పెట్టేశాను. ఎందుకంటే అంతకు ముందే నేను మా చుట్టాల పెండ్లికి బేతంచెర్ల పోయి ఉన్నాను. గనుల దగ్గర, నాపరాళ్లు నిలబెట్టి కట్టిన ఒక చిన్న ఇంటి ముందర, నేను కుట్టిన సంచులున్న మోటారు సైకిలు చూశాను. గుమ్మంలో ఒక ఆడమనిషి, కడుపుతో ఉన్న మనిషి, డాక్టరు చేతికి నీళ్ల చెంబు అందిస్తోంది. అడిగితే ఎవరో చెప్పారు. ఆమె మొగుడు గనిలో రాయి కింద పడి పోయాడట. ఉన్న ఒక్క ఎనుముకు రోగం వస్తే డాక్టరు వైద్యం చేసి బతికించాడట. అప్పటినుంచి ఆ ఊరికొస్తే ఆయన భోజనం అక్కడే. నేను తల వంచుకుని ఆ సందు తప్పించుకుని వచ్చేశాను.

కొన్ని నెలలకు అక్క ఒక ఖాకీ చొక్కా పట్టుకుని అంగడికి వచ్చింది. రెండో బొత్తాము చూపించింది.

"ఇది నీ కుట్టేనా తమ్ముడూ?"

నాది కాదు. నేను బొత్తాము అడ్డంగా నిలువుగా కుడతాను. ఆమె వరసగా కుట్టి ముడి లోపలికి తోస్తుంది. ఇదెవరో నల్లదారంతో ఇష్టమొచ్చినట్టు చుట్టేశారు. చేతకాకపోయినా ఊడిపోకూడదని పట్టుదలగా చుట్టిన కుట్టు.

"నాదే అక్కా" అన్నాను.

"నల్లదారం ఏసినావే?"

"ఖాకీదారం అయిపోయిండె."

నా వెనక అరలో ఖాకీదారం ఉండలు ఆరో ఏడో వరసగా ఉన్నాయి. ఆమె వాటి వైపు చూసింది, నా ముఖం వైపు చూసింది. "సరేలే" అని చొక్కా మడిచి చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది. ఆ రోజు నేను కుట్టిన ప్రతి గుడ్డా విప్పి కుట్టవలసి వచ్చింది.

ఆమె దేవత అని నేను చెప్పడం లేదు. ఆ తర్వాతి ప్రయాణానికి చాప పరచలేదు. డాక్టరు ఆసుపత్రి పని ముగించుకుని వచ్చేసరికి సంచులు రెండూ నిండుగా, బకిలీలు బిగించి బండికి తగిలించి ఉన్నాయి. ఆయన ఎక్కి పోయాడు. అవుకు దగ్గర డేరా వేసుకుని సంచులు విప్పితే రెంటిలోనూ చింకి గోనెపట్టలు. చొక్కా లేదు, సబ్బు లేదు, రొట్టెముక్క లేదు. ఆయన వెనక్కి మళ్లలేదు. పది రోజులు ఒంటిమీది గుడ్డలతోనే ఊర్లు తిరిగి పని ముగించుకుని వచ్చాడు. గడ్డం పెరిగి, చొక్కా అట్టకట్టి, వసారా మెట్టు మీద కూర్చున్నాడు. ఆమె నీళ్లు కాచి పెట్టింది. తలమీద నీళ్లు పోస్తుంటే ఆయన, "ఈసారి బరువు తక్కువగా ఉండె" అన్నాడట. అంతే. ఆమె చెంబు పడేసి వంటింట్లోకి పోయి తలుపేసుకుందట. ఇదంతా తర్వాత మా ఆవిడకు తనే చెప్పింది.

"అడిగేస్తే పాయె గదక్కా" అంది మా ఆవిడ.

"అడిగితే ఆయనొక మాట చెప్పాల, నేనొక మాట చెప్పాల. చెప్పినాక మళ్లా ఇద్దరమూ ఇదే ఇంట్లో ఉండాల గదా. అది నా చేత గాదు" అందట.

ఆ ఎండాకాలం చివర్లో ఒక మధ్యాహ్నం పూలగుడ్డ ముక్క తెచ్చి బల్ల మీద పెట్టింది. "దీంతో చిన్న గౌను కుట్టు."

"ఎవురికక్కా?"

"నెలల బిడ్డకు. రోంత పెద్దదిగానే కుట్టు, పెరుగుతాది."

"ఆడపిల్లనా?"

"తెలీదు. గౌనైతే ఎవురికైనా సరిపోతాదిలే" అంది. కాసేపటికి, నేను అడక్కుండానే, "చొక్కా భుజం మీద పాలు కక్కిన మరకుండె. వసకొమ్ము వాసనేస్తాండె" అంది.

ఆ గౌనుకు నా చేతనైనంత సన్నకుట్టు వేశాను.

డాక్టరు బయలుదేరే రోజు సంచి పట్టీ ఒకటి తెగితే బాగుచేసి నేనే తీసుకుపోయాను. అందుకే చూడగలిగాను. ఆయన ఎందుకో ఎడమ సంచి మూత ఎత్తాడు. అన్నిటికంటే పైన, మడత నలగకుండా, పూలగౌను. ఆయన చెయ్యి మూత మీదే నిలిచిపోయింది. ఆమె అటు తిరిగి డేరాకట్టకు తాడు బిగిస్తోంది.

"ఇంగేమన్నా మర్చిపోయినామా?" అని అడిగింది, వెనక్కు తిరక్కుండానే.

"లేదు" అన్నాడు ఆయన. మూత దించి బకిలీలు తనే బిగించాడు.

ఆ రోజు బండి నాలుగు తన్నులకు గానీ అందుకోలేదు. ఆమె ఎప్పటిలాగే గడపలో నిలబడింది. చాలాసేపు నిలబడింది. కుందూ దాటాడని ఆ రోజు మాత్రం అనలేదు.

ఆయన తిరిగొచ్చినప్పుడు సంచిలో గౌను లేదు. ఇద్దరూ ఆ సంగతి మాట్లాడుకోలేదు. తర్వాతి ప్రయాణానికి చిన్న దువ్వెన, ఆ తర్వాత మెత్తటి పాతచీర ముక్కలు, ఒకసారి వాము, ఒకసారి నాతో కుట్టించిన చిన్న దిండు. ఆర్నెల్ల తర్వాత ఒక రోజు ఆమె నన్ను పిలిచి ఒక మూట విప్పి చూపింది. గింజ తీసి, పీచు తీసి, ఉండలు కట్టిన చింతపండు. సంచి అడుగున వచ్చిందట.

"శానా శుభ్రంగా చేసింది" అంది. ఒక ఉండ తీసి వాసన చూసి మళ్లీ మూటలో పెట్టింది. ఆ చింతపండు ఆమె ఏ చారులోనూ వెయ్యలేదని మా ఆవిడ చెప్పింది. పారెయ్యనూ లేదు.

అట్లా దాదాపు మూడేళ్లు జరిగింది.

ఆ ఏడు వానలు వెనకబడ్డాయి. నల్లమలలో గొడ్లు కుప్పలుగా పడిపోతున్నాయని డాక్టరు శ్రీశైలం దారిన పోయాడు. అక్కడ అడవిజ్వరం తగిలింది. మూడు రోజులు డేరాలోనే పడి ఉన్నాడు. చెంచులు చూసి మంచం కట్టి ఆత్మకూరు దాకా మోసుకొచ్చారు. అక్కడే పోయాడు. ఇక్కడికి కబురు రావడానికి రెండు రోజులు పట్టింది. ఆ ఎండల్లో శవం నిలవదని ఆ ఊరివాళ్లే దహనం చేసేశారు. అక్క ముఖం కూడా చూసుకోలేదు.

ఆమె దగ్గరికి వచ్చినవి ఆ సంచులే. ఆసుపత్రి బంట్రోతు తెచ్చి వసారాలో దించాడు. ఎవరు కుక్కారో గానీ, చొక్కాలు, స్పానర్లు, రొట్టెముక్కలు అన్నీ కలగలిసి ఉన్నాయి. బంధువులు ఏడుస్తుంటే ఆమె ఈతచాప తెచ్చి పరిచింది. ఒక్కొక్కటీ బయటికి తీసింది. క్వినైను సీసా తీసి వెలుతురుకు పెట్టి చూసింది. ఖాళీ. ఒక చెంచు తర్వాత చెప్పాడు. గూడెంలో జ్వరమొచ్చిన పిల్లలకు డాక్టరు ఆ బిళ్లలు పంచేశాడట. ఆమె ఆ సీసాకు మూత బిగించి పక్కన పెట్టింది. అప్పుడు ఏడ్చింది. మేము వినలేక లేచి వచ్చేశాం.

కర్మలు అయ్యాయి. ప్రొద్దుటూరు నుంచి ఆమె అన్న బండి కట్టుకుని వచ్చాడు, చెల్లెల్ని తీసుకుపోవడానికి. బయలుదేరే ముందురోజు, పొద్దున్నే అంగడి తెరుస్తుంటే ఆమె ఎదురుగా నిలబడి ఉంది. బొట్టు లేని ఆ ముఖాన్ని అంత దగ్గర చూడడం అదే మొదలు.

"తమ్ముడూ, ఆ మనిషికి ఎవురు చెప్పింటారు?"

నాకు అర్థమైంది. అయినా అలవాటు చొప్పున, "ఎవురికక్కా?" అన్నాను.

"ఇప్పుడు గూడా అబద్ధమాడతావా?"

నేను తీసిన గొళ్లెం మళ్లీ వేశాను.

"సర్కారోళ్లకు నేను తెల్సు, నాకు కబురు పంపిరి. ఆమె ఎవురికి తెల్సు? రేపొస్తాడు, ఎల్లుండొస్తాడని దావ చూస్తా ఉంటాది. ఎన్ని దినాలు చూడాల?" అంది. "నువ్వు ఇల్లు చూసినావు. ఖాకీదారం లేదన్న పొద్దే నాకు తెల్సు. నన్ను తీస్కపో."

ఆమె అన్న గడపకు అడ్డం నిలబడ్డాడు. "నెల గూడా కాలే, గడప దాటితే లోకం ఏమంటాది?" అని అరిచాడు. పైగా ఎక్కడికి పోతోందో తెలిశాక ఆయన అన్న మాటలు నేను రాయలేను. ఆమె అంతా విని, "నువ్వు బండి ఇప్పుకొని ఎద్దులకు మేత ఎయ్యన్నా. నేను వచ్చినాక మాట్లాడుకుందాం" అంది. ఎడమ సంచి భుజానికి తగిలించుకుని మెట్లు దిగింది. ఆమె తనకోసం సర్దుకున్న మొదటి ప్రయాణం అది. అందులో ఆమె గుడ్డలు ఒక్క జత. మిగిలిందంతా ఆయన బట్టల్లో సరిగ్గా సగం.

నంద్యాల దాకా బస్సు, అక్కడినుంచి రైలు. రైలు ఎక్కడం ఆమెకు అదే మొదలు. కిటికీ పక్కన కూర్చుని కూడా బయటికి చూడలేదు. సంచిని ఒళ్లో పెట్టుకుని రెండు చేతులూ దాని మీద వేసుకుంది. బేతంచెర్లలో దిగి గనుల దారి పట్టాక ఒక్కసారి ఆగింది. తన పాదాల వైపు చూసుకుంది. చీలమండల దాకా తెల్లగా ఉన్నాయి.

"ఇదేనా" అంది. నాతో కాదు.

ఆ ఇంటి ముందర ఒక మనిషి చేటలో జొన్నలు చెరుగుతోంది. పక్కన మూడేళ్ల పిల్ల రాతిముక్కలు పేర్చి ఆడుకుంటోంది. ఒంటిమీద నా పూలగౌను. పొట్టిదై బిగువైతే పక్కలకూ అంచుకూ వేరే గుడ్డ అతికి పెద్దది చేసుకున్నారు. నల్లదారం కుట్టు.

ఆ మనిషి తలెత్తింది. ముందు నన్ను చూసింది. తర్వాత అక్క భుజాన ఉన్న సంచిని చూసింది. ఆ సంచిని చూసి ఒక్క క్షణం ముఖం విప్పారింది. అప్పుడు అక్క నుదురు చూసింది. చేట చేతిలోంచి జారింది. జొన్నలు బండల మీద చెదిరిపోయాయి.

ఎవరూ ఏమీ చెప్పవలసిన పని లేకపోయింది.

అక్క పోయి గడప మీద కూర్చుంది. "అడవి జొరం. ఆత్మకూర్లో. ఇరవై దినాలయింది" అంది. "నాకూ చూపు దొరకలేదు."

ఆ మనిషి లేవలేదు. చెదిరిన జొన్నల్లో చెయ్యి పెట్టి ఒక్కో గింజా ఏరసాగింది. చాలాసేపు ఏరింది. తల ఎత్తకుండానే అంది. "నీ సంచి ఇప్పుతే నాకు సిగ్గయ్యేదక్కా. నీ మాదిరి సర్ది పంపల్లని శానాసార్లు చూసినా. సగం బయటనే మిగిలిపోయేది. ఆయన నవ్వేవాడు. 'నువ్వు వదిలెయ్, అది ఆమెకే చేతనైతాది' అనేవాడు."

అక్క ముఖం అటు తిప్పుకుంది. ఇన్నేళ్లలో డాక్టరు నోటినుంచి ఆమెకు అందిన మెచ్చుకోలు అదొక్కటే. అది కూడా ఈ గడప మీద అందింది.

"మొన్న పొద్దు గూడా బండి శబ్దమైనట్టుంటే ఎసురు పెట్టినా" అంది ఆ మనిషి. చేతులు ఆగిపోయాయి. "నేను ఏడ్సగూడదేమో గదక్కా. నేనేమైతానని ఏడ్సల్ల? ఊరోళ్లు ఇంటే..."

"ఏడువు" అంది అక్క. "ఈడ నేను తప్ప ఎవురుండారు? ఏడువు."

ఆ మనిషి అప్పుడు పెట్టిన కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. అక్క ఆమె తలను ఒడిలోకి లాక్కుంది. మొగుణ్ణి పోగొట్టుకున్నవాళ్లు ఒకరినొకరు పట్టుకుని ఏడవడం నేను చూశాను. ఒకే మొగుడి కోసం అట్లా ఏడవడం అదొక్కసారే చూశాను. పిల్ల బెదిరిపోయి నా దగ్గరికి వచ్చింది. దాన్ని ఎత్తుకుని నేను అవతలికి పోయాను.

గని అంచున పేర్చిన రాళ్ల మీద కూర్చున్నాం. పిల్ల నా చొక్కా బొత్తాములు లెక్కపెట్టుకుంటూ భుజం మీద నిద్రపోయింది. పొద్దు నడినెత్తి నుంచి వాలింది. ఇంట్లోంచి ఏడుపు వినిపిస్తూ ఉండింది, తర్వాత తగ్గింది, తర్వాత ఏవో మాటలు, ఎవరివో అర్థం కాకుండా. ఆ తర్వాత ఏమీ లేదు. చాలాసేపటికి పైకప్పు బండల సందులోంచి పొగ లేచింది.

మర్నాడు నేనొక్కణ్ణే తిరిగి పోవలసి వస్తుందని అప్పుడు నాకు ఇంకా తెలియదు. ఆమె అన్నకు ఏమి చెప్పాలా అని ఆలోచిస్తున్నాను.

"అన్నానికి రాప్పా, చల్లారిపోతాది" అని లోపలినుంచి పిలుపు వచ్చింది.

ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన గొంతు. ఇద్దరిలో ఎవరు పిలిచారో నాకు తెలియలేదు. పిల్లను భుజాన వేసుకుని లేచాను.